ఏడో ముక్క లావుగా

నా నాలుక ఇంత సాఫుగా ఎలా తయారైందని అడిగారు కదా, చెబుతాను వినండి.

మా ఆఫీసు వార్షిక సభలో నివేదిక తడబడకుండా చదివితే సెక్షను హెడ్డు కుర్చీ నాదేనన్నాడు మా ఆఫీసరు. ఎవరేం మాట్లాడినా దిద్దుతాడు కాబట్టి ఆయన్ని మేం సవరణల సారంటాం. నివేదిక మొదటి వాక్యంలోనే గూడ్సుబండంత మాట: ఇన్‌స్టిట్యూషనలైజేషన్! మూడో పెట్టె దగ్గరే నా నాలుక పట్టాలు తప్పేది.

అయినా అందులోనే నాకో లాభం కనిపించింది. ఆ వారం కూరలు తరిగే వంతు నాది.

"వారం రోజులు నన్ను కదిలించకు. సాధన చేసుకోవాలి," అన్నాను పడక్కుర్చీలో వాలి.

"వంటింట్లో చేసుకోండి," అంది మా ఆవిడ.

"వంటింట్లో ఇంగ్లీషొస్తుందా?"

"పడక్కుర్చీలో గురక తప్ప ఏమొచ్చింది మీకు?"

మా ఆవిడ బట్టలు కుడుతుంది. నా చేతిలోని నివేదిక కాగితం లాక్కుని, కుట్లు విప్పాల్సిన జాకెట్టును చూసినట్టు చూసింది.

"ఇది ఒకే గుడ్డ కాదండీ. 'ఇన్‌స్టిట్యూషన్' మీకొచ్చు. దానికి 'అల్' అతికారు, ఆపైన 'ఐజ్', ఆపైన 'ఏషన్'. ఆ చివరి అతుకుతో బరువు తోకవైపు జరిగింది. మొత్తం ఎనిమిది ముక్కలు, ఏడోదాన్ని నొక్కాలి," అంటూ క్యారెట్టూ చాకూ చేతిలో పెట్టింది. "పలుకుతూ కొయ్యండి. ఏడో ముక్క లావుగా!"

"ఇన్, స్టి, ట్యూ, ష, న, లై, జే... షన్! వచ్చేసిందోయ్!"

"మంచిది. ఇంకా రెండు కిలోలున్నాయి."

సభ రోజు వేదికెక్కాను. 'ఇన్‌స్టి' దగ్గర నాలుక మళ్ళీ పట్టాలు తప్పింది. బల్ల దగ్గర కూర్చున్న సారు పెన్ను తీశాడు. కుర్చీ పోయిందనుకున్నాను. అంతలో కుటుంబాలకి కేటాయించిన ముందు వరసలో మా ఆవిడ ఒళ్ళో అరచేత్తో తరగడం మొదలుపెట్టింది. నా చెయ్యి దానంతటదే లేచింది. బల్లమీద ముక్కకో వేటు, ఎనిమిది వేట్లు! ఏడో వేటుకి బల్ల అదిరి గ్లాసులో నీళ్ళు సారు ఒళ్ళో పడ్డాయి. హాలంతా చప్పట్లు. దిద్దడానికేమీ దొరక్క సారు పెన్ను మూసేశాడు. గెలిచానండీ! కుర్చీ నాదే!

ఇంటికొచ్చి పడక్కుర్చీలో కాళ్ళు చాపాను.

"హెడ్లు కూరలు తరగరు, తెలుసా?"

"వద్దు లెండి. వచ్చే సభకని సారు ఇచ్చిన కాగితం ఓసారి చదివి వినిపించండి."

చూశాను. డీఇన్‌స్టిట్యూషనలైజేషన్! ఈసారి ముందువైపు కూడా అతికారు. నోరు తెరిచాను. చేతిలో చాకు లేకపోతే ఒక్క ముక్కా రాదే!

"బుట్ట అక్కడికి తేనా, మీరే వస్తారా?" అంది మా ఆవిడ.

హెడ్డుగారే లేచి వెళ్ళారు.