నత్తనడక సర్వరు కేసు

“నేరస్థులు రెండే రకాలు బామ్మర్దీ! నాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు!” అన్నాడు బావ, భూతద్దం తుడుచుకుంటూ.

మా అక్కని చేసుకున్నందుకు ఈయన నాకు బావ. ఆ పాపానికి నేను ఈయనకి అసిస్టెంటుని. ఇప్పటిదాకా ఈ మహా డిటెక్టివు పట్టుకున్నది జలుబొక్కటే.

కేసు ఇదీ. ఇంట్లో ఫొటోలూ వీడియోలూ దాచే సర్వరు పెట్టె హాల్లో బావ బల్ల మీద ఉంటుంది. పోయిన మామయ్య పాడిన పాట వీడియో అందులోనే ఉంది. టీవీలో పెడితే మూడు మాటలకోసారి ఆగిపోతోంది. రేపు అత్తయ్యకి, అంటే బావ వాళ్లమ్మకి, కంటి ఆపరేషను. తర్వాత కొన్నాళ్లు టీవీ వైపు చూడకూడదన్నాడు డాక్టరు.

“పాటయ్యాక మీ నాన్న ఏదో అంటారురా. అదొక్కసారి చూసి వెళ్తాను,” అంది అత్తయ్య.

“భయపడకమ్మా! రక్తపు బొట్టు చిందకుండా ఛేదిస్తాను!”

బావ బల్ల ముందు కూర్చుని కుడికాలు ఊపడం మొదలెట్టాడు. అది ఊగకపోతే ఆయన బుర్ర పనిచేయదు. మోకాలు బల్లకి తగిలి గ్లాసులో నీళ్లు కూడా తెగ ఆలోచిస్తున్నాయి. వైరు మార్చాడు. డిస్కులకి పరీక్ష పెట్టాడు, నిక్షేపంలా ఉన్నాయని తేలింది. చదివే వేగం మాత్రం సెకనుకి మూడు ఎంబీలు దాటలేదు.

“ఉండాల్సింది నూట యాభై. ఇది ఇంటి దొంగ పనే!” అంటూ వంటింట్లోకి దూసుకెళ్లి అక్కని నిలదీశాడు. “వేలిముద్రలివ్వు!”

“చేతినిండా పిండుంది. చెంప మీద వేయమంటారా?”

ఈలోగా వేగం నూట యాభైకి ఎగిరింది. “బావా, వచ్చేసింది!” అని అరిచాను. పరుగున వచ్చి కూర్చున్నాడు. మళ్లీ మూడు.

“చూశావా? నేను వెళ్తే నూట యాభై, వస్తే మూడు. అంటే ఏంటి?”

“ఏంటి?”

“నేరస్థుడు నన్ను చూసి వణుకుతున్నాడు!”

సావాసదోషం, నాకూ అది సబబుగానే తోచింది.

బావ మరో అరగంట తీవ్రంగా ఆలోచించాడు. “అబ్బా, కాలు పట్టేసిందిరోయ్!” అంటూ కుర్చీలోంచి దభీమని కిందపడ్డాడు. అదే క్షణాన టీవీలో మామయ్య పాట ఆగకుండా సాగింది. బావని ఎవరూ లేపలేదు. పాటయ్యాక మామయ్య పక్కకి తిరిగి కసిరారు.

“ఒరేయ్, కాళ్లు ఊపకురా! బల్లతోపాటు కెమెరా కూడా అదురుతోంది!”

అందరం బావ కాలి వైపు చూశాం. బల్ల అదిరిపోతుంటే లోపల గిర్రున తిరిగే డిస్కు మాత్రం ఏం చదువుతుంది? అత్తయ్య పకపకా నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుంది.

బావ నేల మీంచే వేలెత్తాడు. “ఇంటి దొంగేనని ముందే చెప్పలేదూ?”

“మళ్లీ మొదట్నుంచీ పెట్టు నాయనా,” అంది అత్తయ్య నాతో. “ముందు వాడి కాలు గట్టిగా పట్టుకో.”