రెండు సీట్ల కారు, మూడు రకాల నూనె

ఆ శనివారం పొద్దున హజరత్తయ్య అనుకున్న పనులు చాలా మామూలువి. కారు ఇంజన్లోంచి పాత నూనె దించాలి, కొత్త నూనె పొయ్యాలి, తలంటు పోసుకోవాలి, పది గంటల బస్సు కంటే ముందు మైపాడు సముద్రం దగ్గరికి చేరాలి. మొదటి పని సవ్యంగానే జరిగింది. మిగిలిన మూడూ కలిసి ఇందుకూరుపేట అంతా నెలల తరబడి నవ్వుకునేంత పని చేశాయి.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. మద్రాసులో ఒక దొర స్వదేశానికి వెళ్ళిపోతూ అమ్మేసిన ఎర్ర రేసు కారు అది. పైకప్పు లేదు, వెనక సీటు లేదు, ఉన్నవి రెండే సీట్లు. వరి పండించుకునే ఇంట్లో ఇలాంటి కారెందుకని అడగనివాడు ఊళ్ళో లేడు. అడిగిన ప్రతివాడికీ హజరత్తయ్య "నా కారు, నా ఇష్టం" అని చెప్పేవాడు. అతని భార్య చెంచులక్ష్మి ఆ మాత్రం జవాబు కూడా చెప్పేది కాదు. కొంగు నడుముకు దోపుకుని పక్క సీట్లో కూర్చునేది. అత్తగారి కళ్ళు పడని చోటు ఆమెకు లోకంలో ఆ సీటొక్కటే. సాయంత్రాలు మైపాడు వెళ్ళి తడి ఇసుక మీద కారు నడపడం కూడా గుట్టుగా నేర్చుకుంది. ఈ కారు పోతే మళ్ళీ పొద్దస్తమానం వంటిల్లే గతి అని ఆమెకు బాగా తెలుసు.

అత్తగారు వెంకటశేషమ్మకు ఆ కారంటే ఒళ్ళు మంట. వచ్చిన నాటి నుంచి ఆమె అందులో ఒక్కసారి కూడా ఎక్కలేదు. "అమ్మి పారేసి జత ఎడ్లు తీసుకురారా" అని రోజూ పొద్దున్నే మొదలుపెట్టేది. ఇంతలో ఊళ్ళో బస్సు నడిపే గంగులయ్య బజారులో నలుగురి ముందూ ఒక మాట అన్నాడు. "ఆ ఎర్ర కారు తిరునాళ్ళలో పిలకాయలెక్కే బొమ్మ. మైపాడు దాకా నా బస్సు కంటే ముందు పొమ్మను, చూద్దాం!" హజరత్తయ్య మీసం మెలేశాడు. వెంకటశేషమ్మ ఆ అవకాశం వదల్లేదు. బస్సు ముందు చేరితే కారు అమ్మి ఎడ్లు కొనాలనీ, కారు ముందు చేరితే తాను ఇక నోరెత్తననీ అందరి ఎదుటా కొడుకు చేత ఒప్పించింది.

అందుకే శనివారం తెల్లవారగానే నెల్లూరు నుంచి మెకానిక్ హెబ్రోను సైకిల్ మీద దిగాడు. సైకిల్ వెనక ఒక కంపెనీ నూనె డబ్బా కట్టుకొచ్చాడు. పాత నూనె దించేశాక హజరత్తయ్య లోపలినుంచి మెరిసిపోయే ఇంకో డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"హెబ్రోనూ, ఇది ఫ్యాక్టరీలో పుట్టిన నూనె. భూమిలో దొరకదు, చెట్టుకు కాయదు. మద్రాసులో విమానాల వాళ్ళ దగ్గర సంపాదించినా. ఎంత వేడికీ విరగదు, నీళ్ళకు లొంగదు!"

"అన్నా, విమానమైతే ఎగరతాది. నీ కారు ఇందుకూరుపేట రోడ్డు మీద పోవాల గదా?" అన్నాడు హెబ్రోను. "దేశంలో బండ్లన్నీ భూమిలోంచి తీసిన నూనెతోనే నడస్తా ఉండాయి. ముక్కూ మొహం తెలీని నూనె పోసి ఇంజను పాడు చేసుకుంటావా?"

"నా కారు, నా ఇష్టం!"

"నా చేత్తో మాత్రం పొయ్యను!"

అరుగు మీద కూర్చున్న వెంకటశేషమ్మ ఇద్దరినీ తేరిపార చూసింది. "ఏందిరా మీ గోల? మీ నాయన బండి ఇరుసుకు ఆముదమే పూసినాడు. ఒళ్ళు వేడి చేసినా ఆముదమే, కడుపు శుభ్రం కావాలన్నా ఆముదమే. పెంచిన ఒళ్ళు చూడు, ఎట్టా ఉందో!"

ఆ మాటలో అబద్ధం లేదు. నెలకొకసారి పిల్లలకు వేడి ఆముదం తాగించి ఇంటి చుట్టూ పరిగెత్తించడం ఆ ఊరి అలవాటు. తాగించడంలో వెంకటశేషమ్మకు సాటి లేదు. ముక్కు మూసిందంటే నోరు తెరవాల్సిందే. ఇరుగూ పొరుగూ కూడా తమ పిల్లల్ని ఆమె దగ్గరికే మోసుకొచ్చేవాళ్ళు. గంగులయ్య కూడా చిన్నప్పుడు ఆమె ఒళ్ళో కాళ్ళు తన్నుకున్నవాడే.

"మా సూళ్ళూరుపేటలో ఆముదం తాగరత్తా. మాకు సునాముఖి కషాయమే" అంది చెంచులక్ష్మి నవ్వుతూ.

"అందుకే మీ వాళ్ళంతా అట్టా ఉండారు" అంది అత్తగారు.

హజరత్తయ్య విసురుగా తలంటుకు పెరట్లోకి వెళ్ళాడు. హెబ్రోనుకు ఆ కారంటే సొంత బిడ్డంత ప్రేమ. స్నేహితుడి మూర్ఖత్వానికి అది బలి కాకూడదని విమానం డబ్బా తీసుకుపోయి స్నానాల గది పక్కన కట్టెల చాటున దాచాడు. తన డబ్బా మూత బిగుసుకుపోయి రాకపోతే కమ్మరి కొట్టుకు బయలుదేరుతూ వెంకటశేషమ్మకు గట్టిగా చెప్పిపోయాడు. "పెద్దమ్మా, ఇంజన్లో చుక్క నూనె లేదు. ఎవురన్నా స్టార్టు చేస్తే లోపలంతా ఎండి కాలిపోద్ది. చూస్తా ఉండు!"

వెంకటశేషమ్మ చూస్తూ ఉండే మనిషి కాదు. కారు పోవాలని ఆమె కోరుకునే మాట నిజమే. కానీ వాకిట్లో ఉన్న ఏ ప్రాణికైనా ఎండి వేడి చేసిందంటే ఆమె చేతులు ఊరుకోవు. లోపలికి పోయి కొత్త ఆముదం కుండ తెచ్చి, తెరిచి ఉన్న ఇంజను మూతిలో గడగడా వంచేసింది. తల్లి పాలు పట్టినట్టు చివరి చుక్క దాకా పట్టి, మూతి తుడిచింది.

"అమ్మా, తలకు నూనేది?" అని పెరట్లోంచి కొడుకు కేకేశాడు. ఆముదం కుండ ఖాళీ. ఆమె అటూ ఇటూ చూస్తే కట్టెల చాటున డబ్బా కనిపించింది. కారు సామాను వైపు ఏనాడూ సరిగ్గా చూడని మనిషి కావడంతో, అది కోడలు దాచుకున్న కొత్త రకం తలనూనె అనుకుని, మనసులో నాలుగు తిట్టి, గిన్నెలో పోసి ఇచ్చింది. హజరత్తయ్య మాడు మీద మర్దనా చేసుకున్నాడు. కుంకుడు రసం ఎంత రుద్దినా జిడ్డు వదల్లేదు. కాయలు మంచివి కావనుకుని లేచాడు.

హెబ్రోను తిరిగొచ్చి ఇంజన్లో ఆయిల్ పుల్ల పెట్టి చూస్తే నూనె నిండుగా ఉంది. హజరత్తయ్య మొండిగా విమానం నూనె పోసేశాడని అతని కడుపు మండింది. హజరత్తయ్య వచ్చి చూస్తే డబ్బా మాయం, ఇంజను నిండుగా ఉంది. హెబ్రోను తన కంపెనీ నూనె పోసేశాడని అతనూ మండిపడ్డాడు. అడిగితే తగ్గినట్టవుతుందని ఇద్దరూ అడగలేదు. హెబ్రోను విసవిసా పోయి గంగులయ్య బస్సెక్కాడు. కారు ఓడిపోవడం కళ్ళారా చూడాలని వెంకటశేషమ్మ కూడా అదే బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది.

హజరత్తయ్య స్టీరింగు పట్టుకున్నాడు, చెంచులక్ష్మి పక్క సీట్లో కూర్చుంది. పది గంటలకు కారూ బస్సూ కదిలాయి. ఊరు దాటగానే కారు రివ్వున దూసుకుపోయింది. అయితే కాలువ వంతెన దగ్గర గడ్డి బండ్లు అడ్డం వచ్చాయి. అవి తప్పుకునేసరికి బస్సు వెనకే వచ్చి హారను మోగించింది. అక్కడినుంచి రోడ్డు సన్నది, రెండు వైపులా నీళ్ళు పెట్టిన వరిమళ్ళు. దాటడానికి బస్సుకు చోటు లేదు, గుంతల్లో వేగం పెంచడానికి కారుకు వీలు లేదు. సముద్రపు గాలి ఎదురు కొట్టింది. వేడెక్కిన ఇంజన్లోంచి తెల్లటి పొగ లేచి, పైకప్పు లేని కారు మీదుగా నేరుగా బస్సులోకి దూరింది.

బస్సులో అందరి చేతులూ ఒక్కసారిగా ముక్కుల మీదికి పోయాయి. ఆ వాసన ఎరగని మనిషి అందులో లేడు. పెద్దవాళ్ళు కడుపులు పట్టుకున్నారు. వెనక సీటులో ఒక గడ్డం ముసలాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని "అమ్మా, వద్దే!" అన్నాడు.

"ఆముదం! ఇది ఆముదం వాసన!" అని అరిచాడు హెబ్రోను. "పెద్దమ్మా, ఏం చేసినావు?"

"ఎండిపోయిందంటివి గదరా, పట్టినా" అంది వెంకటశేషమ్మ. ఆమెకు ఏమీ కాలేదు. అందరికీ పోసిందే కానీ జన్మలో ఎప్పుడూ తాను తాగలేదు.

"గంగులన్నా, బస్సు ఆపు!" అని బస్సంతా గోలెత్తింది. ఓడిపోతానని గంగులయ్య కొంత దూరం పళ్ళు బిగించి నడిపాడు. అంతలో ముక్కు మూసిన ఆ పాత చెయ్యి గుర్తొచ్చింది. సర్వి చెట్ల తోపు పక్కన బ్రేకు తొక్కి, అందరికంటే ముందు తనే దూకి పరిగెత్తాడు.

తోపులో అతనికి ఎదురుగా హజరత్తయ్య కనిపించాడు. తల మీద అర అంగుళం దుమ్ము పేరుకుని ఉంది.

"నువ్వెందుకొచ్చినావు?" అన్నాడు గంగులయ్య.

"నువ్వెందుకొస్తే అందుకే" అన్నాడు హజరత్తయ్య నీరసంగా.

"మరి కారు?"

జవాబుగా రోడ్డు మీద ఇంజను గర్జించింది. భర్త దిగి పరిగెత్తగానే చెంచులక్ష్మి అతని సీట్లోకి జరిగి స్టీరింగు పట్టుకుంది. సునాముఖితో పెరిగిన కడుపు అది, ఆముదం వాసన ఆమెకు వంట నూనె వాసనతో సమానం. "ఆడదానివి, ఆగు!" అని బస్సు దిగిన వాళ్ళెవరో అరిచారు. "ఆగను!" అని అంతకంటే గట్టిగా అరిచి, గేరు మార్చి, ఎర్ర దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

హజరత్తయ్యను కూడా ఎక్కించుకుని బస్సు మైపాడు చేరేసరికి కారు తడి ఇసుక మీద నిలబడి ఉంది. చెంచులక్ష్మి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. వలలు బాగుచేసుకునేవాళ్ళు పని మానేసి చూస్తున్నారు.

"కారు ముందొచ్చింది అత్తా. అమ్మేది లేదు!" అంది. తల దించలేదు.

వెంకటశేషమ్మ బస్సు దిగి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. హెబ్రోను మూత తీసి చూసి, ఇంజను చెక్కుచెదరలేదన్నాడు. "పెద్దమ్మా, ఒకప్పుడు దొరలు రేసు కార్లకు ఆముదమే పోసేవాళ్ళంట, పుస్తకంలో చదివినా."

"పొద్దున ఎందుకు చెప్పలా?"

"నా డబ్బా మిగిలిపోద్దని." హెబ్రోను హజరత్తయ్య తల మీది దుమ్ము వేలితో గీసి చూశాడు. తాను దాచిన విమానం నూనె ఎక్కడికి పోయిందో అప్పుడర్థమైంది. "నువ్వన్నది నిజమే అన్నా, నీళ్ళకు లొంగలా."

హజరత్తయ్యకు ఇవేవీ పట్టలేదు. గెలిచామన్న సంతోషంలో స్టీరింగు దగ్గరికి పోబోయాడు. వెంకటశేషమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కారు గెలిచింది నా ఆముదంతో. నడిపింది నా కోడలు. మధ్యలో నువ్వెవురురా?" ఆమె కారు తలుపు మీద చెయ్యి ఆనించింది. "కారు వచ్చిన నాటి నుంచి ఒక్కనాడన్నా 'అమ్మా, ఎక్కు' అన్నావా? రెండే సీట్లని నాకు తెలీదా? అందుకే అమ్మమన్నా."

హజరత్తయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. చెంచులక్ష్మి వెళ్ళి పక్క సీటు తలుపు తీసింది. "ఎక్కత్తా. కొంగు దోపుకో, గాలి గట్టిగా ఉంటాది." వెంకటశేషమ్మ కొంగు దోపుకుని, పెద్ద ఎడ్లబండి ఎక్కినంత దర్జాగా ఎక్కింది. అత్తాకోడళ్ళు వెనక్కి చూడకుండా అలల పక్కనుంచి దూసుకుపోయారు.

అప్పటినుంచి ప్రతి శనివారం వాళ్ళిద్దరూ కారులో ఆముదం కుండతో సహా సముద్రానికి బయలుదేరేవాళ్ళు, హజరత్తయ్య వెనకాల బస్సులో వెళ్ళేవాడు. గంగులయ్య అతనికి టిక్కెట్టు కొట్టేవాడు కాదు, కిటికీ తెర మాత్రం గట్టిగా దించుకోమనేవాడు.