తెల్లకార్డుకు తగిన మొహం

తెల్లరేషన్ కార్డు కావలసినవారు కుటుంబ సమేతంగా ఫోటో దిగి దరఖాస్తుకు అంటించవలెననియు, సదరు ఫోటోను బట్టి పేదరికము నిర్ధారించబడుననియు ఆ ఏడాది వానలు మొదలవగానే అరకులో దండోరా వేశారు. బీదగా కనబడినవారికి తెల్లకార్డు, బాగా కనబడినవారికి గులాబీ కార్డు. తెల్లదానికి బియ్యం వస్తాయి, ఆస్పత్రిలో ఖర్చు తగ్గుతుంది, పిల్లల ఫీజులు మాఫీ అవుతాయి. గులాబీదానికి గౌరవం వస్తుంది. ఇంటింటికీ వెళ్లి చూడొచ్చు కదా అని అడిగిన అమాయకులు కొందరున్నారు. కొండలెక్కితే ఆఫీసరు గారి బూట్లు పాడవుతాయి. పేదవాళ్ల కోసం ప్రభుత్వం ఎన్ని జతలని కొనగలదు?

ఈ దండోరా విని అందరికంటే ముందు సంబరపడినవాడు స్వర్ణ ఫోటో స్టూడియో మంగరాజు. పార్వతీపురం నుంచి వచ్చి, భార్య పేరు మీద స్టూడియో పెట్టి పన్నెండేళ్లయింది. లోయలో ఉద్యోగస్తుల ఇంట పెళ్లంటే అతను ఉండాల్సిందే. పెళ్లికూతురు మొహం ఎవరైనా తీస్తారు, పులిహోర మొహం తీయగలిగినవాడు మంగరాజు ఒక్కడే అని పేరు. పులిహోరకి పైపైన నూనె రాసి మెరిపించేవాడు. బూరెల్ని గోపురంలా పేర్చేవాడు. వెలుతురు కుదిరేదాకా బంతిలో కూర్చున్నవాళ్లని విస్తరి ముట్టనిచ్చేవాడు కాదు. ఆల్బంలో తాళి కట్టడానికి రెండు పేజీలు కేటాయిస్తే భోజనానికి తొమ్మిది వచ్చేవి. అన్నీ చల్లారిపోయాయని ఏ పెద్దమనిషీ నొచ్చుకోలేదు. తిన్నది సాయంత్రానికల్లా అరిగిపోతుంది, ఆల్బం అయితే చుట్టాలకి పదేళ్లు చూపించుకోవచ్చు.

అలాంటి చేతికి పేదరికం ఒక పనా?

మొదట వచ్చినవారు సాయినాథ్ మాస్టారు. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతారు. ప్రభుత్వ జీతం, స్కూటరు, రంగుల టీవీ, బొర్రా దారిలో టూరిస్టులకి అద్దెకిచ్చే మూడు గదులు ఉన్నాయి. ఇవేవీ ఫోటోలో పట్టవు గనక పేదరికానికి అడ్డు రావని ఆయన నిజాయితీగా నమ్మారు.

"చూడు మంగరాజూ, నేను పిల్లలకి నీతులు చెప్పేవాణ్ని, అబద్ధం ఆడలేను. ఉన్నది ఉన్నట్టే తియ్యి. కాకపోతే కాస్త తగ్గించి తియ్యి" అన్నారు.

మంగరాజు తగ్గించాడు. భార్య హేమలత గారి గాజులు తీయించి పసుపుతాడు మిగిల్చాడు. పులిహోరకి నూనె రాసిన చేత్తోనే మాస్టారి బుగ్గలకి పొయ్యిలో బూడిద రాశాడు. చిరిగిన చీర కట్టుకోవడానికి హేమలత గారికి ఏ అభ్యంతరమూ లేదు గానీ, నైలెక్సు చిరుగు చవగ్గా ఉంటుందని, నేత చీరలో చిరుగే కావాలని పట్టుబట్టారు. వెనక్కి కారుతున్న గుడిసె బొమ్మ తెర దించారు. ఆ తెరని మంగరాజు పార్వతీపురంలో పనిగట్టుకుని వేయించాడు. కిటికీ తెరిస్తే నిజం గుడిసెలు కనబడతాయి గానీ అవి పనికిరావు. కొండవాళ్లు వాటిని ఎర్రమట్టితో నున్నగా అలికి, అంచుకి తెల్లగీత గీసి, వాకిట్లో ఆకు కూడా లేకుండా ఊడ్చి ఉంచుతారు. అందులో పేదరికం ఎక్కడ కనిపిస్తుంది?

ముందర చోడంబలి ముంత పెట్టారు. అంతా కుదిరింది గానీ మాస్టారి కొడుకు మొహంలో ఎంతకీ విచారం పలకలేదు. బుగ్గలు లోపలికి పీల్చమంటే నవ్వాడు. ఇక లాభం లేదని మాస్టారే వాడి చెవిలో, "టీవీ అమ్మేస్తున్నాం రా" అన్నారు. అంతే, ఆ పిల్లాడి మొహంలో ఏడు తరాల దారిద్ర్యం పొంగుకొచ్చింది. మంగరాజు మీట నొక్కాడు.

ఆ ఫోటో చూసి ఆఫీసరు గారు అన్నం మానేశారని చెప్పుకున్నారు, ఒక్క మధ్యాహ్నం పూటకి. వారంలో మాస్టారికి తెల్లకార్డు వచ్చింది. ఫోటో పెద్దది చేయించి, పేదవాడంటే ఇలా ఉండాలన్నట్టు ఆఫీసు గోడకి తగిలించారు. దరఖాస్తులన్నీ దాంతో పోల్చి చూడమని గుమాస్తాలకి ఉత్తర్వులు వెళ్లాయి.

ఆ తర్వాత స్టూడియో ముందు స్కూటర్లు నిలపడానికి చోటు లేకపోయింది. లోయలో నెలజీతం తీసుకునే ప్రతి కుటుంబమూ వరసలో నిలబడి, నంబరు పిలవగానే లోపలికి వెళ్లి, బీదదై బయటికి వచ్చింది. స్టూడియోలో అద్దెకిచ్చే చిరిగిన బట్టలు నెలాఖరు దాకా బుక్కైపోయాయి.

సరిగ్గా అప్పుడే, ఒక సంతరోజున, సోములు తన భార్య యర్రమ్మని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ దిగివచ్చాడు. ఎకరం పోడు మీద బతికే మనిషి. ఇంట్లో సామలు అయిపోయాయి, చోళ్లు కోతకి రావడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలు గడవాలంటే తెల్లకార్డు బియ్యం కావాలి. నలుగురూ తలంటుకుని, నూనె రాసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు.

మంగరాజు వాళ్లని చూసి నిట్టూర్చాడు. ఇలా వస్తే కార్డు రాదని, చిరిగిన బట్టలకి నెలాఖరుకి రమ్మని, ఈలోగా కాస్త మాసి, తగ్గి ఉండమని నచ్చజెప్పబోయాడు.

యర్రమ్మ అతణ్ని ఎగాదిగా చూసింది. "తగ్గడవేటి బాబూ? మేం రోజూ తగ్గే ఉంటాం. మడిసి జన్మకి ఒక్క ఫొటో తీయించుకుంటన్నాం. అందులో కూడా తగ్గాలా? నీ ఇంటిదాన్ని అలాగే తీత్తావేటి?"

గోడ మీద పట్టుచీరలో అతని భార్య స్వర్ణ ఫోటో వేలాడుతోంది. మంగరాజు దాని వైపు ఒకసారి చూసి, పెళ్లిబట్టల పెట్టె తెరిచాడు. పైగా, నిజం చెప్పాలంటే, వరసగా ఇరవై రోజులు ఉద్యోగస్తుల్ని మాపీ మాపీ అతనికి విసుగెత్తింది. పెళ్లికొడుకులకి అద్దెకిచ్చే నల్లకోటు సోములుకి తొడిగాడు. యర్రమ్మకి జరీచీర ఇచ్చాడు. సోఫాలో కూర్చోబెట్టి, పక్కన తీగలేని టెలిఫోను, ముందర ప్లాస్టిక్ యాపిల్ పళ్ల పళ్లెం పెట్టాడు. వాళ్ల చిన్న గుంట ఒక పండు కొరికి, రుచి లేదని చెప్పి మర్యాదగా వెనక్కి పెట్టేసింది. వాళ్ల నలుగురి మొహాల మీద మంగరాజు వేసిన వెలుగు అంతకుముందు ఏ బూరె మీదా పడలేదు.

ఆఫీసరు గారు ఆ ఫోటో చూసి అసూయపడ్డారు. ఆయన ఇంట్లో కూడా యాపిల్ పళ్లు పండక్కే వస్తాయి. సోములుకి గులాబీ కార్డు మంజూరైంది.

మళ్లీ సంతకి సోములు పెళ్లాం పిల్లలతో వచ్చి, స్టూడియో మెట్ల మీద కూర్చుని, ఈ రంగు కార్డుకి బియ్యం ఇవ్వనంటున్నారు బాబూ అని చెప్పాడు. గొంతులో నిష్ఠూరం లేదు. అదే మంగరాజుని ఇబ్బంది పెట్టింది. తను వెలుతురు కోసం పెళ్లిళ్లలో ఎంతోమందిని ఆకలితో కూర్చోబెట్టాడు గానీ, వాళ్లందరికీ ఫోటో అయ్యాక భోజనం దొరికింది. డబ్బు పుచ్చుకోకుండా ఆ నలుగుర్నీ స్టూడియో బయట వాళ్ల బట్టల్లోనే నిలబెట్టి మళ్లీ తీశాడు. తనే ఆఫీసుకి పట్టుకెళ్లాడు.

ఆఫీసరు గారు రెండో ఫోటోని గోడ మీద ఫోటోతో చాలాసేపు పోల్చి చూశారు. బట్టలకి మాసికలున్నాయి గానీ మాసిక మరీ తీరుగా కుట్టి ఉంది. మనుషులు నిటారుగా నిలబడ్డారు. "వీళ్లు టూరిస్టుల ముందు థింసా నాట్యం ఆడేవాళ్లలా ఉన్నారయ్యా. కళాకారులకి రాబడి ఉంటుంది. అయినా పేదవాడు ఇంత సూటిగా చూడడు" అని తిప్పి పంపారు.

పంపారే గానీ ఊరికే ఉండలేదు. ఆ నెలలోనే పేదరిక విముక్తి సభ జరపాలని పైనుంచి కాగితం వచ్చింది. విముక్తికి ముందు, విముక్తికి తర్వాత అని రెండు బొమ్మలు కావాలి. ముందుకి మాస్టారి కుటుంబం సిద్ధంగా ఉంది. తర్వాతకి సోములు కుటుంబాన్ని మించిన బొమ్మ జిల్లాలో దొరకదు. సంత మైదానంలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎడమ పక్క బూడిద మొహాలు, కుడి పక్క కోటు, టెలిఫోను, యాపిల్ పళ్లు. మధ్యలో బాణం గుర్తు.

సోములుకి శాలువా కప్పుతామని కబురు వెళ్లింది. శాలువాతో పాటు తెల్లకార్డు కూడా ఇస్తారేమోనని అతను ఆశపడి, పొద్దున్నే అందర్నీ వెంటబెట్టుకుని నడిచి వచ్చాడు.

ఆఫీసరు గారు గంటసేపు మాట్లాడారు. పేదరికం ఒక మానసిక స్థితి అన్నారు, భంగిమ మార్చుకుంటే చాలన్నారు, సోములు సాధించింది ప్రతి పేదవాడూ సాధించాలన్నారు. శాలువా కప్పారు. కార్డు మాట ఎత్తలేదు. నాలుగు ముక్కలు చెప్పమని సోములు చేతికి మైకు ఇచ్చారు.

సోములు మైకుని ముంతలా రెండు చేతులా పట్టుకుని, తల తిప్పి ఫ్లెక్సీ వైపు చూశాడు.

"బాబులికి దండాలు. నాకు మాటలు రావు. ఎడం పక్క బొమ్మలో ఆ గుంటడ్ని సూత్తంటే కడుపు తరుక్కుపోతంది. మా గుంటలు పస్తున్నా అలాగ ఏడవరు. ఆడికి ఏటి కట్టం వచ్చిందో. మాకు కొండుంది, దుంపలేవో తవ్వుకుంటాం. మాకిచ్చీ బియ్యం ఏవైనా ఉంటే ఆళ్లకే ఇచ్చీండి బాబూ. బేగి ఇచ్చీండి."

మైదానం చప్పట్లతో మారుమోగింది. ముందు వరసలో సాయినాథ్ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇలాంటి త్యాగం కొండ కింద ప్లెయిన్స్‌లో ఎక్కడ చూస్తామని పక్కవారితో అన్నారు. హేమలత గారు పైటచెంగు కళ్లకి అద్దుకున్నారు.

"దుంపలు మొన్ననే అయిపోనాయి గదా" అంది యర్రమ్మ, మొగుడికి మాత్రమే వినబడేలా. కెమెరా పట్టుకుని దగ్గర్లోనే నిలబడ్డ మంగరాజుకి కూడా వినబడింది.

సభ ముగిశాక అందరూ వేదిక మీదికి వచ్చి గ్రూపు ఫోటో దిగాలని ఆఫీసరు గారు పిలిచారు. అందరూ వచ్చారు. మంగరాజు కెమెరాకి కన్ను ఆనించి చూశాడు. ఇస్త్రీ చొక్కాలు, బంగారం, పౌడరు. ఒక్కొక్క మొహానికీ ఎంత బూడిద పట్టిందో అతనికి తెలుసు. జనం ఎక్కువై ఫ్రేములో పట్టలేదు. దగ్గరగా జరగండి, ఇంకాస్త జరగండి అన్నాడు. అందరూ మర్యాదగా జరిగారు. ఆ జరగడంలో అంచున నిలబడ్డ సోములూ యర్రమ్మా పిల్లలూ వేదిక దిగిపోవాల్సి వచ్చింది.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మూడో వరసలో, కుడి చివర, శాలువాలో సోములు అంతకుముందు నిలబడ్డ చోట ఉన్నది మీరే కదూ?