సమాన భాస్వరం

రాష్ట్రం విడిపోవాలా, కలిసుండాలా అని ఊరూవాడా వాదులాడుకుంటున్న ఆ చలికాలంలో, గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ డాబా మీద బీన్స్ పండించి ఉద్యోగుల ఒత్తిడి తగ్గించాలని తీర్మానించింది. బాధ్యత ఎలిజబెత్‌కు అప్పగించారు. వ్యవసాయ శాస్త్రం చదివి, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుక్కుంటూ బతుకుతున్న ఆవిడకు మట్టి ముట్టుకోమన్నందుకే కళ్ళు చెమర్చాయి.

మూడు మడులు కట్టించింది. మొదటిదానికి భాస్వరం వేయలేదు. రెండోదానికి తగుమాత్రం, మూడోదానికి దానికి రెండింతలు. భాస్వరం బీన్స్‌కు ఏపాటి మేలు చేస్తుందో తన చేతుల్తో తేల్చుకోవాలని ఆమె ఆశ. మొక్కలు సహకరించాయి. మొదటి మడి గిడసబారింది. రెండోది ముందుగా పూసి పిందె వేసింది. మూడోది రెండోదానికంటే ఒక్క పువ్వు కూడా ఎక్కువ పూయలేదు.

అంతలో మెదక్ నుంచి వచ్చి స్థిరపడ్డ కిరణ్ పాల్ డాబా ఎక్కాడు. మొదటి మడి మెదక్ జిల్లా తెల్లాపూర్ వైపు ఉండటం ఆయన కంటబడింది.

"ఏంది మేడం గిది? మా దిక్కున్న మడికే ఎరువెందుకెయ్యలే? గీడ గూడ మాకు సున్ననేనా?"

భీమవరం యజ్ఞనారాయణ వెనకే వచ్చాడు. "మూడో మడి మాదని మేమన్నామా అండీ? కానీ దాని వాటాలో చిటికెడు తగ్గినా ఊరుకోమండి!"

మేనేజర్ రామబ్రహ్మం తక్షణం కమిటీ వేశాడు. కమిటీ సమోసాలు తిని, మడులను దూరం నుంచే కూలంకషంగా పరిశీలించి, అన్నిటికీ మూడోదాని మోతాదే ఇవ్వాలని సిఫారసు చేసింది.

ఎలిజబెత్ బతిమాలింది. "సార్, ఒకదానికి వేయకపోతేనే కదండీ తేడా తెలిసేది!"

"తేడా తెలియకూడదనే కదమ్మా కమిటీ వేసింది!" అన్నాడు రామబ్రహ్మం ఆప్యాయంగా.

సమానత్వం అమలైంది. అయితే అవతలివాళ్ళ మీద నమ్మకం చాలక, ఇరువర్గాలూ భోజనాల వేళ తమ మడికి మరో గుప్పెడు సూపర్ ఫాస్ఫేట్ చల్లసాగాయి. ఎవరికీ చెందని రెండో మడి మీద జాలిపడి ఇద్దరూ చల్లారు. లేతాకులు పసుపెక్కాయి, పూత రాలింది. రాలిన పూలను ఎలిజబెత్ దోసిట్లోకి ఏరుకుంటుంటే, ఒత్తిడి తగ్గుతోందనడానికి నిదర్శనంగా ఎవరో ఫోటో తీశారు.

ముగింపు సభలో రామబ్రహ్మం మైకు అందుకున్నాడు. "మిత్రులారా! మూడు మడులూ ఏ వివక్షా లేకుండా ఎండిపోయాయి. ఈ ఘనత మనందరిదీ!"

చప్పట్లు మోగాయి. విందులో బీన్స్ కూర వడ్డించారు.

"మా మడిది జర చూడుండ్రి, ఎంత కమ్మగుందో!" అన్నాడు కిరణ్ పాల్.

"ఆ రుచి మా మడిదండి," అన్నాడు యజ్ఞనారాయణ.

"పొద్దుగాల మార్కెట్ల కొన్న సార్," అంది వంట నీలమ్మ. ఇద్దరూ మారు వడ్డించుకున్నారు.

ఏ ఊరి పంటో ఎలిజబెత్ అడిగింది. నీలమ్మకు తెలియదు. బేరమాడటమే గాని, పండించినవాడి ఊరడిగే ఆచారం మార్కెట్లో లేదు. మీరైతే తప్పకుండా అడుగుతారనుకోండి.