హీరోగారు పెట్టుకెళ్లిన కళ్లజోడు

ప్రతి వీధిలోకీ ఏడాదికి ఒక్కసారైనా ఒక ప్రముఖుడు దారి తప్పి రావాలి. ఇది నా కోరిక కాదు, డిమాండ్! మంచినీళ్లు అడిగినట్టే, వీధి దీపాలు అడిగినట్టే, దీన్ని కూడా అర్జీ పెట్టి మరీ అడగాలి.

నవ్వకండి. పేరున్నవాళ్లు అనుకోకుండా ఎదురుపడటం వల్ల పేరులేని మనకు ఎంత మేలు జరుగుతుందో ఇంతవరకు ఎవరూ నిదానంగా కూర్చుని ఆలోచించలేదు. నేను ఆలోచించాను. కళ్లజోళ్ల షాపులో కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. ఎవరి చూపు ఎటు పోతోందో గమనించడం తప్ప మధ్యాహ్నం పూట నాకు వేరే పనేముంటుంది?

ముందు మా పిన్ని సంగతి చూడండి. ఆరేళ్ల కిందట ఆసుపత్రి లిఫ్టులో, టీవీలో వార్తలు చదివే ఆవిడతో కలిసి నాలుగు అంతస్తులు ఎక్కింది. "నాలుగు నొక్కారా?" అని ఆవిడ అడిగింది. "నొక్కాను" అంది పిన్ని. సంభాషణ మొత్తం ఇంతే. వార్తలావిడ ఆ లిఫ్టులోంచి అప్పుడే దిగిపోయింది. మా పిన్ని ఇంకా దిగలేదు! ఎవరింటికి వెళ్లినా, "నన్ను చూసి ఎంత చక్కగా నవ్విందనుకున్నావే! కాస్తంత గర్వం కూడా లేదు" అని మొదలుపెడుతుంది. ఆ రోజు అసలు ఆసుపత్రికి ఎందుకెళ్లావు పిన్నీ అంటే మాత్రం గుర్తులేదంటుంది. రోగాన్నే మరిపించే వైద్యం ఇంకెక్కడైనా ఉందా?

మా పక్కింటి తాతగారి కాలిని ఒక పేరుమోసిన ఆటగాడు రైలెక్కుతూ తొక్కేశాడు. బొటనవేలి గోరు నల్లబడింది. తాతగారు ఆ వేలు కనబడేలా నాలుగు నెలలు చెప్పుల్లేకుండా తిరిగారు. కొత్త గోరు వచ్చిన రోజున ఆయన ముఖం చూడలేకపోయాం!

ఇక మా వీధి సెలూన్ ఆయన. ఒక గాయకుడికి గడ్డం గీస్తుంటే ఫోనొచ్చింది. గాయకుడు సగం గడ్డంతోనే పరుగెత్తాడు. ఇప్పుడు వచ్చినవాళ్లంతా "నాకూ అంతవరకే గీయండి" అంటున్నారట. సెలూన్ ఆయనకు పని సగానికి సగం తగ్గింది. ఇంతకన్నా సుఖం ఏ సంఘం సాధించిపెట్టగలదు?

ఇవన్నీ విన్నవి. కళ్లారా చూసినది చెబుతాను.

మా షాపులో రెండు నియమాలున్నాయి. మొదటిది, కౌంటర్ మీద ఫ్యాన్ వెయ్యకూడదు. రిపేరుకొచ్చిన ప్రతి కళ్లజోడూ ఒక ప్లాస్టిక్ ట్రేలో ఉంటుంది, దానిపైన టోకెన్ నంబరు, పవరు రాసిన చీటీ ఉంటుంది. రెండోది, ఎవరికైనా సరే, కళ్లజోడు పెట్టించి, చిన్న అక్షరాల కార్డు చదివించి గానీ పంపకూడదు. ఈ రెండూ పెట్టింది ఓనర్ కాదు. వెనక గదిలో మిషన్ మీద అద్దాలు అరగదీసే పెద్దాయన. ఆయన్ని మేమంతా బాబాయ్ అంటాం.

"చీటీ ఎగిరితే ఒకరి కళ్లు తీసి ఇంకొకరికి పెట్టేస్తావమ్మాయ్" అనేవాడు నేను చేరిన రోజు నుంచీ. చెమటలు కారుతున్నా ఆ స్విచ్చు మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

ఆ శుక్రవారం నాలుగింటికి టైలరక్క వచ్చింది. వీధి మలుపులో గొడుగు కింద కుట్టు మిషన్ పెట్టుకునే అక్క. తన పాత ఫ్రేముకే కొత్త అద్దాలు వేయించుకుంటోంది. ఎనిమిది రోజులుగా పక్కింటావిడ కళ్లజోడు అడిగి తెచ్చుకుని నెట్టుకొస్తోంది.

"సోమవారం పదింటికి పరీక్ష అమ్మాయ్" అంది కుర్చీలో కూర్చుంటూ. "యూనిఫాంలు కుట్టే వర్క్‌షాపులో. సూపర్‌వైజర్ ముందు ఒక కాలర్ కుట్టి చూపించాలి. ఇప్పటికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ సూదిలో దారం ఎక్కించేసరికే సగం టైం పోయి, కాలర్ సగంలో ఉండగానే లెమ్మన్నాడు. మూడోసారి కూడా పోతే ఇక పిలవరట."

"ఈసారి దారం దానంతటదే ఎక్కుతుందిలే అక్కా. గీతలు చెదిరి కనబడకుండా వేసే సిలిండర్ పవరు కూడా సరిగ్గా వేశాడు బాబాయ్" అన్నాను.

"ఎక్కితే చాలు తల్లీ. ఆ గొడుగు కింద ఇంకో వానాకాలం గడపలేను."

ఆమె ట్రే అందుకోబోతుంటే తలుపు తెరుచుకుంది. లోపలికి సాక్షాత్తూ హీరోగారు! తెరమీద ముప్పై ఏళ్లుగా దుర్మార్గుల్ని చితక్కొడుతున్న హీరోగారు! బయట ట్రాఫిక్‌లో కారు ఇరుక్కుపోయిందట. ఆయన కళ్లజోడుకు ముక్కు మీద ఆనే ప్యాడ్ ఊడిపోయిందట.

మా ఓనర్ కుర్చీలోంచి లేవలేదు, ఎగిరాడు.

"ఫ్యాన్ వెయ్యి!"

"చీటీలు సార్..."

"చీటీలేంటి చీటీలు! ఎవరొచ్చారో కనబడట్లేదా? కళ్లజోళ్ల షాపులో పనిచేస్తున్నావు!"

వేశాను. ఐదు మీద వేశాను. చీటీలన్నీ ఒక్కసారి లేచి హీరోగారి చుట్టూ తిరిగాయి. పూలవానలా ఉందని ఆయన ముచ్చటపడ్డారు! అంతలో వెనక గదిలోంచి బాబాయ్ ప్యాడ్ బిగించి పంపాడు. ఆ కళ్లజోడునూ చీటీ రాసి ఒక ట్రేలో పెట్టాను, ఆ చీటీ కూడా ఎగిరింది. "ఫొటోలో చెత్త పడుతోంది, ఆ ట్రేలు పక్కకి లాగు" అన్నాడు ఓనర్. లాగాను. నేలమీద పాకుతూ చీటీలు ఏరాను. ఒకటి హీరోగారి బూటు కింద ఉంటే, ఆయన కాలు మార్చేదాకా మోకాళ్ల మీద కూర్చున్నాను.

పక్కపక్కనే రెండు సన్నటి నల్ల ఫ్రేములు. ఏ చీటీ దేనిది? పవరు చూసే మిషన్ వెనక గదిలో ఉంది. నా కళ్లేమో హీరోగారి మీద ఉన్నాయి. అందాజుగా పెట్టేశాను. తప్పు నాదే. కానీ ఆలోచించండి, అంత దగ్గరగా ఒక మహానుభావుడు నిలబడి ఉంటే పవరు గురించి పట్టించుకునే రాతిగుండె ఎవరికుంటుంది?

ఒక కళ్లజోడు హీరోగారు పెట్టుకోగానే నేను చిన్న అక్షరాల కార్డు తీయబోతే ఓనర్ లాక్కున్నాడు. "హీరోగారి చేత పాఠం చదివిస్తావా?" అన్నాడు. ఆ గొడవలో అక్క చేత కూడా చదివించలేదు. "కేసులో పెట్టి ఇచ్చెయ్, ఇచ్చెయ్, ఆవిడ ఫొటోకి అడ్డంగా ఉంది" అన్నాడు ఓనర్. పాపం అక్క కేసు సంచిలో వేసుకుని, జనాన్ని తోసుకుంటూ బయటపడింది.

మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చింది.

"ఇదేంటమ్మాయ్, ఇది పెట్టుకుంటే నా సూది చీమ మీసంలా ఉంది!"

బాబాయ్ ఆ కళ్లజోడును వెలుతురుకు ఎత్తి, పైకీ కిందికీ కదిపాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. "ఇది దూరం చూసేవాళ్లది. నీది కాదు" అన్నాడు.

ముగ్గురం మెల్లగా గోడవైపు తిరిగాం. నిన్నటి ఫొటో అప్పటికే ఫ్రేం కట్టి వేలాడుతోంది. అక్క దగ్గరగా వెళ్లింది.

"ఆ కాడ మీద గీత చూడండి. నా కత్తెర తగిలి పడింది. అవి నా కళ్లే!"

ఇక్కడ మీరు ఓనర్ బాధపడ్డాడనుకుంటారు. పొరపాటు! ఆయన ఆనందంతో కూర్చుండిపోయాడు. "నీ కళ్లజోడు ఎవరి ముక్కు మీద ఉందో తెలుస్తోందా అమ్మా? ఎంతమందికి దక్కుతుంది ఈ అదృష్టం? ఇదిగో, ఫొటో ఒక కాపీ నువ్వూ ఉంచుకో."

"ఈ ఫొటో పెట్టుకుంటే సూది బెజ్జం కనబడుతుందా?" అంది అక్క.

బాబాయ్ పోరు పడలేక ఓనర్ చివరికి హీరోగారి అసిస్టెంటుకు ఫోన్ చేశాడు. జవాబు సాయంత్రానికి వచ్చింది. "సార్‌ని అడిగాను. ఏ ఇబ్బందీ లేదట. చాలా బాగున్నాయట."

నమ్మలేకపోయాం. దగ్గరవి చూసే అద్దాలు పెట్టుకుని, పైగా తనకు లేని సిలిండర్ పవరుతో, ఆ మనిషి రోజంతా తిరిగారు! ఆ పొద్దున ఒక ఫర్నిచర్ షాపు ప్రారంభించారు కూడా. ఆదివారం పేపర్లో చూశాం. కత్తెర రిబ్బన్‌కు జానెడు దూరంలో ఉంది, జనం చప్పట్లు కొడుతున్నారు. ఇంకో ఫొటోలో ఆయన ఒక నిలువెత్తు బొమ్మ భుజం మీద చెయ్యేసి ఆప్యాయంగా ఏదో అడుగుతున్నారు. కింద రాసింది బాబాయ్ పైకి చదివాడు: "సామాన్యుల యోగక్షేమాలు తెలుసుకుంటున్న హీరో."

ఆలోచిస్తే నాకు తెలిసొచ్చింది. ఆయనకు కనబడాల్సిన అవసరం ఏముంది? మెట్లు వస్తే ఒకరు చెయ్యందిస్తారు. జనం ఎటుంటే అటు ఒకరు తిప్పుతారు. చెయ్యి ఊపడానికి పవరెందుకు? సూదిలో దారం ఎక్కించుకునేవాళ్లకు కదా ఈ తిప్పలన్నీ!

అక్క పవరుకు అద్దాలు మళ్లీ ఆర్డరు పెడితే బుధవారానికి గానీ రావు. పరీక్ష సోమవారం. పక్కింటావిడ కళ్లజోడుతో వెళ్తే ఇదివరకు రెండుసార్లు జరిగిందే మళ్లీ జరుగుతుంది.

అప్పుడు బాబాయ్‌కి తట్టింది. కళ్లు పరీక్ష చేసేటప్పుడు ముఖానికి తగిలించే ఇనప చట్రం మీరు చూసే ఉంటారు. గుండ్రటి గాడులుంటాయి, వాటిలో అద్దాలు ఒక్కొక్కటే దించి "ఇప్పుడు బాగుందా, అప్పుడు బాగుందా" అని అడుగుతారు. అందులో అక్క పవరు అచ్చంగా దించి ఇవ్వొచ్చు. కానీ షాపు మొత్తానికి ఉన్నది ఒక్కటే. ఓనర్ బయటికి కదలనివ్వడు.

సోమవారం ఉదయం ఓనర్ బయట నిచ్చెన పట్టుకుని, బోర్డు మీద హీరోగారి బొమ్మ వేయిస్తున్నాడు. బాబాయ్ చట్రాన్ని తుండుగుడ్డలో చుట్టి నా టిఫిన్ సంచిలో పెట్టాడు.

"పదకొండు లోపల తెచ్చెయ్యాలి అమ్మాయ్. తల నిటారుగా పెట్టమను. వంచితే అద్దాలు జారతాయి."

అలా మేమిద్దరం బయల్దేరాం. మలుపు తిరిగాక అక్క చట్రం తగిలించుకుంది. ఇక చూడాలి! తల వంచకుండా, తొందరపడకుండా, మహారాణిలా నడుస్తోంది. రోజూ ఆ దారినే మిషన్ నెత్తిన పెట్టుకుని వెళ్తే ఒక్కడూ పక్కకు జరిగేవాడు కాదు. ఇప్పుడు స్కూటర్లు ఆగాయి.

"ఎవరావిడ?"

"సైంటిస్టులా ఉంది."

"కాదురా, షూటింగ్! కెమెరా ఎక్కడో దాచుంటారు."

ఒకావిడ పరుగెత్తుకొచ్చి అక్క పక్కన నిలబడి ఫొటో తీసుకుంది. ఆమె నాలుగేళ్లుగా అక్క దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటోంది!

వర్క్‌షాపు గేటు దగ్గర, ఇదివరకు రెండుసార్లూ ఎండలో నిలబెట్టిన వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు. సూపర్‌వైజర్ స్వయంగా కుర్చీ లాగాడు. లోపల మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ ఫోన్లు పట్టుకుని మా చుట్టూ మూగారు. అప్పుడు నా సిద్ధాంతాన్ని కొంచెం సవరించుకున్నాను. ప్రముఖులు మన వీధికి రావక్కర్లేదు. మనలో ఒకరి ముఖానికి ఇంత ఇనుము తగిలిస్తే సరిపోతుంది!

అక్క మాత్రం వాళ్లెవరినీ చూడలేదు. "కాస్త తప్పుకోండి బాబూ, వెలుతురు రావట్లేదు" అంది.

తప్పుకున్నారు. తల నిటారుగా పెట్టి, చేతుల్ని కళ్ల ఎత్తుకు తెచ్చుకుని, దారం కొస తడిచేసి, ఒక్కసారికే ఎక్కించేసింది. ఆ తర్వాత పాదం వేగం పెరిగింది, మిషన్ పాట అందుకుంది. గడియారం చూశాను. కాలర్ పూర్తయ్యేసరికి పద్దెనిమిది నిమిషాలు.

సూపర్‌వైజర్ అప్పటికే ఆమె కుర్చీ పక్కన వంగి, చెయ్యి చాపి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"ఒక్క ఫొటో మేడం. ఇటు చూడండి."

అక్క దారం పంటితో తెంపింది. కాలర్ దులిపి ఆయన ముఖానికీ ఫోనుకూ మధ్య పట్టుకుంది.

"ముందు కుట్టు చూడండి."

ఆయన కాస్త తడబడ్డాడు. ఫోన్ లోపల పెట్టాడు. చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, కాలర్‌ను అటూ ఇటూ తిప్పాడు, మూల దగ్గర గోటితో గీకి చూశాడు, లోపలి కుట్టు తిరగేసి చూశాడు. బుధవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు అక్క చట్రం విప్పి నా సంచిలో పెడుతూ ఒక మాట చెప్పింది. ఇదివరకు రెండుసార్లూ ఆయన ఆ కళ్లజోడు జేబులోంచి తియ్యనే లేదట.