కొత్త డిష్షుకు దిష్టి

పదకొండు గంటలకు మనవరాలు చైత్ర టీవీలో కోలాటం ఆడబోతోంది. ఆ సంగతి తెలియని గడప మత్తిగిరిలో లేదు. అందుకే అంజినప్ప పొద్దున్నే మిద్దెక్కి, కొన్నేళ్లుగా కాకులకు తప్ప ఎవరికీ పనికిరాని పాత యాంటెనాను పీకేసి, కొత్త డిష్షు బిగించాడు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో కరెంటు పని చేసి రిటైరైన మనిషి మెకానిక్కును పిలిస్తే పరువేం కావాలి?

"వచ్చిందా?" అని పైనుంచి అరిచాడు.

"వచ్చిందయ్యా! అద్దం మాదిరి ఉంది!" టీవీ ముందునుంచి భార్య మునిలక్ష్మమ్మ కేకేసింది.

పక్కింటి నంజప్ప తన గేటు దగ్గర నిలబడి మెడ ఎత్తి చూశాడు. "డిష్షు బలే ఉందప్పా," అన్నాడు.

నంజప్ప మెచ్చుకున్న బర్రె మర్నాడే వట్టిపోతుందని వీధంతా చెప్పుకుంటారు. అంజినప్ప వెంటనే ఒక బూడిద గుమ్మడికాయ తెప్పించి, డిష్షు ముందుకు పొడుచుకొచ్చిన కమ్మీకి వేలాడదీసి కిందికి దిగాడు.

టీవీలో బొమ్మ లేదు.

"ఇప్పుడే గదే బాగుండింది!"

"నంజప్ప కన్ను అట్లాంటిదయ్యా."

అంజినప్ప మళ్ళీ ఎక్కాడు. స్పానరుకు అడ్డమని గుమ్మడికాయ విప్పి పక్కన పెట్టి, వైరు మార్చాడు. బొమ్మ వచ్చింది. కాయ కట్టాడు. బొమ్మ పోయింది. మళ్ళీ విప్పి, డిష్షును కొంచెం తిప్పి బిగించాడు. వచ్చింది. కట్టాడు. పోయింది. ఇంత మొండి దిష్టికి ఒక కాయ చాలదని ఇంకా పెద్దది తెచ్చి రెండూ కలిపి కట్టాడు. ఆ బరువుకు డిష్షు పూర్తిగా తల వాల్చేసింది. తలలు పండిన ఆ మొగుడూపెళ్ళాలిద్దరికీ ఆ సంగతి మాత్రం తట్టలేదు.

"నంజప్పా, రవ్వంతసేపు లోపలికి పోప్పా," అని పైనుంచే బతిమాలాడు.

"నా ఇంటి ముందర నేను నిలబడేదానికి నిన్ను అడగాల్నా?" అని నంజప్ప కుర్చీ తెచ్చుకుని మరీ, పైకే చూస్తూ కూర్చున్నాడు.

పదకొండయింది. వీధి జనమంతా హాల్లో చేరి నల్లటి తెరను చూస్తున్నారు. మునిలక్ష్మమ్మకు ఏడుపొచ్చింది.

"అవ్వా, తప్పకుండా చూడాల అని నాలుగుసార్లు ఫోన్ చేసిందయ్యా బిడ్డ. మొగమైనా కనపడదా?"

కిందికి దిగొచ్చిన అంజినప్ప పరువు సంగతి మరిచిపోయి, మెకానిక్కు నంబరు కోసం ఫోను తీశాడు.

అంతలో మిద్దె మీద తాడు పుటుక్కున తెగింది. రెండు కాయలూ పక్కింటివైపు దొర్లి, నంజప్ప కాళ్ళ ముందు పడి ఫట్టుమని పగిలాయి. డిష్షు తల లేచింది. హాల్లో ఒకటే కేకలు. తెర నిండా చైత్ర కోలలు తిప్పుతోంది!

"చూసినావా? కాయ పగిలింది, దిష్టి పోయింది!" అన్నాడు అంజినప్ప, కళ్ళు తుడుచుకుంటూ.

ఒళ్ళంతా అంటుకున్న గుమ్మడి గింజలు దులుపుకుంటూ నంజప్ప కూడా లోపలికొచ్చాడు. "కాయంటే అదప్పా! ఏం పని చేసింది!" అని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే అంజినప్ప అంతకంటే పెద్ద కాయ తెచ్చి, ఈసారి తెగకుండా ఇనుప తీగతో కట్టాడు.