రెండు పొయ్యిల ఇంటర్నెట్

ఆ శుక్రవారం పొద్దున హనుమంతరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్తంభం ఎక్కకూడదు. అంతే.

ఇరవై ఏళ్లుగా కేబుల్ వైర్లు లాగుతూ మార్కాపురంలో అతను ఎక్కని స్తంభం లేదు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. యజమాని శేషాద్రి మొన్ననే మాటిచ్చాడు. ఇంటర్నెట్‌కు కొత్త పద్ధతి వస్తోంది, దాన్ని సరిగా నడిపినవాడికి ఆఫీసులో ఇన్‌చార్జి కుర్చీ. ఊళ్లోని ఒక కాలేజీవాళ్లు ఆ కొత్త పద్ధతి ఉంటేనే కనెక్షన్ తీసుకుంటామన్నారు. పరీక్ష కోసం ఇచ్చిన లైను మీద సాయంత్రంలోగా వాళ్ల మనిషి చూసి చెబుతాడు. నెగ్గితే కుర్చీ. ఓడితే నిచ్చెన.

శిక్షణ ఇవ్వడానికి విజయవాడ నుంచి బాలసుబ్రహ్మణ్యం దిగాడు. ఆఫీసు పై గదిలో హనుమంతరావునూ లైన్‌మెన్‌నూ కూర్చోబెట్టి ఇంగ్లీషులో దంచాడు. పాతది ఐపీవీ ఫోర్ అన్నాడు, కొత్తది ఐపీవీ సిక్స్ అన్నాడు. ఎదురుగా కునికిపాట్లు మొదలయ్యాయి. ఇక లాభం లేదని తెలుగులోకి దిగాడు.

"చూడండి. నెట్‌లోకి వెళ్లే ప్రతి ఫోనుకూ, ప్రతి కెమెరాకూ ఒక నంబరు కావాలి. పాత పద్ధతిలో నంబర్లు అయిపోయాయి. కొత్త పద్ధతిలో ఎన్ని కావాలంటే అన్ని."

"అట్లయితే పాతది పీకేస్తే పోలా సార్?" అన్నాడు లైన్‌మన్ యోసేపు.

"అదొక్కటీ చేయొద్దు! సగం సైట్లు, ఊళ్లో కెమెరాలు ఇంకా పాతదాని మీదే ఉన్నాయి. కొన్నేళ్లపాటు రెండూ పక్కపక్కనే నడవాలి. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నట్టు."

అందరికీ అర్థమైంది. అర్థం కాకపోయుంటేనే బాగుండేది.

ఎందుకంటే సరిగ్గా ఆ పొయ్యిల మాట చెవిన పడుతుండగానే, కింది ఇంట్లోంచి శేషాద్రి తల్లి రామతులసమ్మ కాఫీ గ్లాసులతో లోపలికి వచ్చింది. ఆమె పెద్దకొడుకు వేరుపడి, అదే ఇంట్లో వేరే పొయ్యి పెట్టి ఏడాది కాలేదు. రెండు పొయ్యిల మధ్య ఇప్పుడు గోడ కూడా లేచింది. ఆమె గ్లాసులు ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. అందరూ కాఫీ అందుకున్నారు.

బాలసుబ్రహ్మణ్యం శిక్షణ ముగించి, కొత్త పద్ధతిని తన చేత్తోనే పెట్టించి, గిద్దలూరులో మరో శిక్షణ ఉందని బస్సెక్కాడు. అతను సందు మలుపు తిరగ్గానే రామతులసమ్మ మళ్లీ మెట్లెక్కింది.

"ఏంది శేషాద్రీ, ఆఫీసులో గూడా రెండు పొయ్యిలంట?"

"అది ఇంటర్నెట్ అమ్మా."

"ఏదైతే ఏంది? ఇంట్లో పెట్టినాం, చూసినాం. మీ అన్న నాతో పలకతా ఉన్నాడా? రాహుకాలం రాకముందే పాతది ఆర్పేయించు. వ్యాపారంలో ఒకటే ఉండాల."

పెద్దకొడుకు ఆమె మాట కాదన్నాడు కాబట్టి చిన్నకొడుకు కాదనడు. "హనుమంతన్నా, పాతది ఆపేయ్" అన్నాడు శేషాద్రి.

హనుమంతరావు చేయి మౌస్ మీద ఆగింది. సార్‌కు ఒక్క ఫోన్ కొడదాం సామీ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అడిగితే తెలియదనుకుంటారు. తెలియనివాడికి కుర్చీ ఎవరిస్తారు? నొక్కేశాడు.

"పాట పెట్టు యోసేపూ."

ఆ కంపెనీలో నెట్‌ను పరీక్షించే పద్ధతి ఒకటే. యూట్యూబ్‌లో అమ్మవారి పాట పెడతారు. పాట వస్తే నెట్ ఉన్నట్టు. రాకపోతే లేనట్టు. పాట గంట కొట్టినట్టు వచ్చింది. రామతులసమ్మ కళ్లకద్దుకుని దిగిపోయింది. యూట్యూబ్ ఎప్పుడో కొత్త పద్ధతికి మారిందనీ, మారనివి ఊరినిండా ఉన్నాయనీ ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

కాసేపటికి మొదటి ఫోన్ వచ్చింది.

"బ్యాంకు సైటు తెరుచుకోట్లేదబ్బా."

"పాట వస్తాందా అన్నా?" అన్నాడు యోసేపు.

"పాట వస్తాంది."

"అట్లయితే నెట్టు బాగున్నట్టే. నీ ఫోన్ చూపించుకో."

ఆ తరువాత ఫోన్లు ఆగలేదు. జవాబూ మారలేదు. ఒక మాస్టారికి బడి హాజరు యాప్ తెరుచుకోలేదు, పక్కనే కొడుక్కి మాత్రం క్రికెట్ వీడియోలు గలగలా వచ్చేస్తున్నాయి. నెట్టంతా నువ్వే లాగేస్తా ఉన్నావురా అని ఆయన కొడుకు ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఒక బట్టల దుకాణదారు ఇదంతా పక్క దుకాణంవాడి పనేనని నిర్ధారించుకుని, వాడి వైరు కత్తిరించాడు. అప్పటిదాకా పాటైనా వస్తున్న ఆ దుకాణంలో అదీ ఆగింది. ఇద్దరూ కలిసి పోలీస్ స్టేషన్‌కు బయల్దేరారు, వేర్వేరు ఆటోల్లో.

మధ్యాహ్నానికల్లా బస్టాండు దగ్గర మస్తానయ్య సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ముందు జనం బారులు తీరారు. మస్తానయ్య దగ్గర అన్ని రోగాలకూ ఒకే మందు. ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేసి కొత్తదానిలా చేసివ్వడం.

పలకల గోడౌన్ నడిపే వెంకటసుబ్బులమ్మకు మాత్రం హనుమంతరావే స్వయంగా వెళ్లాడు. వరసకు అత్త అవుతుంది.

"గోడౌన్ కెమెరా ఫోన్‌లో కనబడ్డంలేదు నాయనా. లారీకి సరుకెక్కిస్తా ఉన్నారు, చూడాల."

హనుమంతరావు పాట పెట్టాడు. వచ్చింది. కెమెరాలు ఇంకా పాతదాని మీదే ఉన్నాయన్న సార్ గొంతు వినిపించింది. అది బయటికి చెబితే పొద్దున నొక్కిన నొక్కు తప్పని ఒప్పుకున్నట్టే.

"తప్పు మీ ఫోన్‌దే అత్తా. మస్తానయ్యకు చూపించండి" అని బండి ఎక్కేశాడు.

నాలుగింటికి బాలసుబ్రహ్మణ్యం గిద్దలూరు నుంచి, అంతా బాగుందా అని ఫోన్ చేశాడు. సంగతి విన్నాడు. తరువాత ఆగకుండా మాట్లాడాడు. స్పీకర్‌లో పెట్టకపోయినా అందరికీ వినిపించింది.

హనుమంతరావు పాతదాన్ని మళ్లీ వేశాడు. కెమెరాలు, సైట్లు, హాజరు యాప్ అన్నీ లేచి కూర్చున్నాయి.

"ఎంత పని చేసినావన్నా!" అన్నాడు శేషాద్రి, ఆపమన్నది తాను కానట్టు. "పోయె! కాలేజీ పోయె! రేపట్నుంచి నిచ్చెన నువ్వే మొయ్యి."

అప్పుడే తలుపు తోసుకుని కాలేజీ మనిషి ప్రకాశరావు లోపలికి వచ్చాడు. వస్తూనే శేషాద్రి చేయి పట్టుకుని ఊపాడు.

"మధ్యాహ్నం మా దగ్గర పరీక్ష చేసినామండీ. పాతది పూర్తిగా ఆపి, ఒట్టి కొత్తదాని మీద ఊరంతా నడిపినారు! వేరే కంపెనీలు కొత్తది పెట్టినామని చెబుతాయి గానీ, పాతది ఆపి చూపించమంటే పారిపోతాయి. ఈ ధైర్యం ఎవరిది?"

శేషాద్రి హనుమంతరావు భుజం మీద చేయి వేశాడు.

"ఇంకెవరిది? మా ఇన్‌చార్జి హనుమంతన్నది" అన్నాడు శేషాద్రి.

శనివారం పొద్దున హనుమంతరావు కుర్చీలో కూర్చున్నాడు. మెత్తగా ఉంది. మోకాళ్లు అడిగినంత దూరం చాపుకోవచ్చు. కాసేపటికి వెంకటసుబ్బులమ్మ వచ్చి బల్ల మీద ఫోన్ పెట్టింది.

"కెమెరా వస్తాందా అత్తా?"

"బెమ్మాండంగా వస్తాంది. మీ మామ ఫోన్‌లో నన్ను తిట్టిన తిట్లన్నీ దీంట్లో ఉండేటియి నాయనా. మాట్లాడిందంతా అదే పట్టి పెట్టుకునేది. పోయి రెండేళ్లాయె గదా. అన్నం తిన్నాక రోజుకొకటి పెట్టుకుని వినేదాన్ని. 'ఏడ చచ్చినావే, తాళాలు ఏడ పెట్టినావే' అంటాడు. నిన్నట్నుంచి పలకట్లా. కొంచెం జూడు."

హనుమంతరావు చూశాడు. ఫోన్ కడిగిన పళ్లెంలా ఉంది. మస్తానయ్యకు ఫోన్ చేశాడు. "తుడిచినాక ఏముంటాదన్నా" అన్నాడు మస్తానయ్య.

"తప్పు మీ ఫోన్‌ది కాదత్తా" అన్నాడు హనుమంతరావు. "నాది. నాకు నిన్ననే అనుమానం వచ్చింది. చెప్పలేకపోయినా."

ఆమె ఫోన్‌ను కొంగుతో తుడిచి రొంటిన దోపుకుంది. "నీదేముందిలే. ఫోన్ ఎత్తితే తిడతాడని, ఆయనున్నప్పుడు నేనే సగంసార్లు ఎత్తలే."

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా హనుమంతరావు నిలబడే ఉన్నాడు. ఎదుట కంప్యూటర్‌లో నిన్నటి ఫిర్యాదు ఆమె పేరుతో ఇంకా ఎర్రగా మెరుస్తోంది. అది పోవాలంటే 'సరిచేయబడింది' అన్న మీట నొక్కాలి. హనుమంతరావు నొక్కాడు.

ఇంకో మీట అందులో లేదు.